నీట మునిగిన ఊళ్ళు - నేటి యువ చిత్రకారులు

వేసవి ముదిరి శ్రీశైలము జలాశయము తగ్గుముఖము పట్టగానే, పగిడ్యాల ప్రాంతపు జనులు సంగమేశ్వరమునకు ప్రయాణము కట్టుదురు. నెలల తరబడి నీటి క్రింద నుండిన ఆలయము అప్పుడు మెల్లగా వెలువడును. మొదట శిఖరము, పిదప గోడలు, తుదకు గర్భాలయమందలి లింగము. ఆ లింగము రాతిది కాదు, వేపమ్రానుది. ఏటేట అంత కాలము నీట నానియు అది చెడకున్నదని భక్తులు చేతులు జోడింతురు. మరల వరద రాగానే అంతయు మునుగును.

శ్రీశైలము ఆనకట్టకు 1963లో శంకుస్థాపన జరిగినది. 1981 ప్రాంతమున జలాశయము నిండనారంభించెను. కృష్ణా తుంగభద్రల గట్ల మీది గ్రామములు సుమారు నూరు నీట గలిసెను. ఆలయములలో కొన్నిటికి మాత్రము మరియొక చోటు దొరికినది. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయికి రాయి విప్పి, అంకెలు వేసి, అలంపురమున మరల నిలిపిరి. రూపాల సంగమేశ్వరుని ఆలయము కర్నూలు చెంత జగన్నాథగట్టు మీదికి చేరినది. దేవతలకు ఈ మాత్రము జరుగుట సంతోషమే. కాని ఇండ్ల గడపలకు, రచ్చబండలకు, పశువుల కొట్టములకు అంకెలు వేసినవారు లేరు.

ఈ నేల బిడ్డ యొకడు చిత్రకళ నభ్యసించి, తాత ముత్తాతల ఊరిని చిత్రింపదలచినచో దేనితో చిత్రింపవలెను? ఆ ఊరిని అతడు చూడలేదు, విన్నాడు. రంగు, కుంచె అతనికి చాలునా? నేటి యువ చిత్రకారులు పెక్కుమంది చాలదనియే చెప్పుచున్నారు. పాత ఛాయాచిత్రములు, గుడ్డపీలికలు, మట్టి, కొయ్య, ఉత్తరములు, తుదకు మనుష్యుల కంఠధ్వనులు సయితము ఒక్క కృతియందు కూర్చి, తమ జ్ఞాపకములను, తామెవరమను ప్రశ్నను అందు నిలుపుచున్నారు. దీనికి మిశ్రమాధ్యమమని పేరు. పెద్దలలో కొందరికి ఇది గిట్టదు. ఇది పాశ్చాత్యుల వింతపోకడ యని తోసివేయుదురు.

ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. 1912లో పికాసో తన చిత్రమొకదానిపై పేముల అల్లిక అచ్చువేసిన మైనపుగుడ్డను అతికించి, చుట్టును త్రాడు బిగించెను. యూరపు కళాచరిత్రకారులు ఈ పద్ధతి పుట్టుకను చెప్పునపుడు ఆ చిత్రమును తప్పక పేర్కొందురు. అయినను తోలుబొమ్మలాట చూచి పెరిగిన తెలుగువానికి ఇందులో అంత వింత యేమున్నది? మేకతోలును పలుచగా గీచి, రంగులద్ది, సన్నని రంధ్రములు పొడిచి, వెనుక దీపము పెట్టి, ముందు తెర కట్టి, ప్రక్కన పాట పాడుదురు. తోలు, రంగు, వెలుగు, గొంతు - ఇన్నియు కలిసిననే గాని అచట హనుమంతుడు ఎగురడు. రాయలసీమలోనే ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట ఈ విద్యకు నేటికిని నెలవు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. మనవారు దీనికి మిశ్రమాధ్యమమని పేరు పెట్టలేదు, అంతియే.

మన యువ చిత్రకారులు ఈ సంగతిని ఒక్కనాట గుర్తింపలేదు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావుగారు కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి పోయి చిత్రకళ నేర్చి, మరలివచ్చి తన యూర చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1897లో జన్మించిన ఆయన 1925లో, ఇరువది యెనిమిదవ యేటనే మశూచికి బలియైరి. తెలుగు చిత్రమునకు ఒక ముఖము, ఒక కట్టు, ఒక నడక ఉండవలెనన్నది ఆయన తపన. ఆ తపన గొప్పది. అయినను ఆయన చిత్రములందు తరచుగా పలుకునది పురాణము, జాతి. పుట్టిన వాడలోని స్వంత జ్ఞాపకము ఇంకను వెనుకనే నిలిచినది.

అది ముందునకు వచ్చుటకు మరి నలువది యేండ్లు పట్టినది. మెదకు సీమలోని నిజాంపురమున 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడుగారు హైదరాబాదున చదివి, 1963లో బరోడా చేరిరి. అచట కె.జి. సుబ్రహ్మణ్యన్ గురువు. ఆయన నేతపనివారి నడుమ పనిచేసిన మనిషి. మట్టిపలకలతో గోడలు తీర్చెను, ఆటబొమ్మలు చేసెను, తరువాతి కాలమున గాజు వెనుక చిత్రములు వ్రాసెను. కుండలు చేయువాని చేతికిని చిత్రకారుని చేతికిని నడుమ గోడ యుండరాదన్నది ఆయన బోధలోని ప్రాణము. లక్ష్మాగౌడుగారు తిరిగి వచ్చి తన పల్లెను చూచినపుడు ఆ పల్లె మారలేదు, చూపు మారినది. మేకలు, ముండ్లచెట్లు, నాగరకుల సిగ్గు ఎరుగని స్త్రీపురుషులు ఆయన రేఖలలోనికి వచ్చిరి. ఆ రేఖలను చూచి ముఖము చిట్లించినవారు లేకపోలేదు. మేము మాత్రము వానిలో బూతును గాక, దాపరికము లేని జ్ఞాపకమును చూచితిమి. రాగిరేకుపై ఆమ్లముతో గీచిన గీతలతో ఆరంభించి, ఆయన మట్టి, కంచు, గాజు దాక పోయిరి. 2016లో పద్మశ్రీ పొందిరి.

బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠముగారును బరోడాలో సుబ్రహ్మణ్యన్‌గారి శిష్యులే. చిన్ననాట పల్లె నాటకములలో ఆడువేషము కట్టిన మగవారిని చూచిన అచ్చెరువు, కన్నతల్లి చీరకట్టు ఆయనను విడువలేదు. కుంకుమబొట్లు, పసుపు ముఖములు, ఎఱ్ఱని చీరలతో ఆయన స్త్రీలను నేడు గుర్తింపనివారు అరుదు. చలనచిత్రమున సయితము ఆ స్మృతియే పనిచేసినది. 'దాసి' చిత్రపు కళాదర్శకత్వమునకు ఆయనకు జాతీయ బహుమతి వచ్చినది.

తమ పల్లెను చూచుటకు వీరిద్దరును బరోడా పోవలసి వచ్చుట మాకు ఎప్పుడును విచిత్రముగనే తోచును. నేటి యువకునికి అంత దూరము లేదు. 2020లో కడపలోనే వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయము వెలసినది. ఆళ్ళగడ్డ శిల్పుల ఉలి చప్పుడు నంద్యాల దారిలోనే వినవచ్చును. కాని లక్ష్మాగౌడుగారికి తిరిగి పోవుటకు నిజాంపురము ఉన్నది. ముంపు గ్రామపు మనుమనికి ఊరు లేదు. వస్తువులు మాత్రము మిగిలినవి: ఊడబెరికి తెచ్చిన ద్వారబంధము, పరిహారపు కాగితములు, పెండ్లినాటి ఛాయాచిత్రము, నీరు తీసినపుడు పగుళ్ళు వారు ఒండ్రుమట్టి. అతనికి మిశ్రమాధ్యమము వేడుక కాదు. వేరొక దారి లేదు.

వస్తువులను అతికించినంత మాత్రమున కళ యగునని మేము అనము. ప్రదర్శనశాలలలో పాత తాళపుచెవులు, చినిగిన చీరలు ఊరక వ్రేలాడుట చూచి విసిగినవారమే. ఆ తాళము ఏ తలుపుదో చిత్రకారునికైనను తెలిసియుండవలెను గదా!

తెలియజెప్పువారు ఇంకను ఉన్నారు. ఏ వీధి మలుపున బావి యుండెనో, ఏ చింత క్రింద పంచాయితీ జరిగెనో, తుదిరాత్రి పొయ్యి నార్పి బయలుదేరినపుడు ఎవరు వెనుకకు తిరిగి చూచిరో వారికి గుర్తున్నది. యువకుల చేతనున్న ఫోనులో ఆ మాటలను పట్టియుంచుట నిమిషము పని. ఇల్లు విడిచిననాడు ఇరువది యైదేండ్ల వయసువారు నేడు డెబ్బది సమీపించిరి.