తాజ్ మహల్ వెనక ఒక జచ్చా

తాజ్ మహల్ పేరెత్తితే అందరూ మొహబ్బత్ గురించే మాట్లాడతారు. ఆ మఖ్బరాలో పడుకున్నది కాన్పులో జాన్ పోగొట్టుకున్న తల్లి అన్న సంగతి తక్కువమందికే యాదికొస్తుంది.

1631 జూన్. షాజహాన్ దక్కన్ ముహిమ్ మీద బుర్హాన్‌పూర్‌లో ఉన్నాడు. వెంట ముంతాజ్ బేగం. వయసు 38, అది పద్నాలుగో జచ్చగీ. గంటల తరబడి నొప్పులు పడి గౌహర్ ఆరాను కన్నది. బచ్చీ 1706 దాకా బతికింది. తల్లికి మాత్రం కాన్పు కాగానే ఇంతెకాల్ అయింది. కారణం అధిక రక్తస్రావమేనని చాలామంది చెప్తారు. బాద్షా ఇంట్లో దౌలత్‌కు గానీ, హకీములకు గానీ ఏం కొదువ? అయినా ఆగే నెత్తురు కాదది.

ఇంకో ఖత్రా కొన్ని రోజులు ఆగి వచ్చేది. వియన్నా పెద్ద దవాఖానాలో తల్లులు బాగానే కనేవారు, తర్వాత బుఖార్ వచ్చి పోయేవారు. దాయీలు చూసే వార్డులో ఈ మౌత్‌లు తక్కువ. డాక్టర్ల వార్డులో ఎక్కువ. 1847లో సెమ్మెల్వైస్ అనే డాక్టర్ వజహ్ కనిపెట్టాడు. శవాలను కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పులు చేస్తున్నారు. ఆ చేతులను క్లోరిన్ సున్నపు నీళ్లతో కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన ఆ వార్డులో జూన్‌కల్లా ఇద్దరికి తగ్గింది.

మన ఇళ్లలో చిల్లా ఉంది. హనఫీ ఫిఖహ్‌లో నిఫాస్ ఆఖరి హద్దు 40 రోజులు. ఆ నిఫాస్ రోజుల్లో నమాజ్ మాఫ్, రోజాలు తర్వాత ఖజా చేసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాన్పు తర్వాత 42 రోజుల దాకా జరిగే మరణాలను మాతృ మరణాల్లోనే లెక్కేస్తుంది. మక్సద్ వేరైనా రెండు లెక్కలూ దాదాపు ఒకటే: బిడ్డ పుట్టగానే తల్లి గండం గడిచినట్టు కాదు.

అఫ్సోస్ ఏమిటంటే, ఆరామ్ కోసం పెట్టుకున్న చిల్లాను కొన్ని ఇళ్లలో ఖైద్ చేశారు. తలనొప్పి అంటే నజర్ తగిలిందంటారు. బుఖార్ అంటే పాలు గడ్డకట్టాయంటారు. "చిల్లా నిండనీ, అప్పుడు చూద్దాం" అంటారు.

గంటలోనే ప్యాడ్ తడిసిపోతున్నా, 100.4 డిగ్రీలు దాటి జ్వరమొచ్చినా, దుర్వాసన వస్తున్నా, తల పగిలిపోతూ కళ్లు మసకబారినా, ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఊపిరాడకపోయినా ఆ గంటలోనే దవాఖానాకు తీసుకెళ్లాలి. డిశ్చార్జ్ అయిన మూడో రోజే మళ్లీ అడ్మిట్ చేయాల్సొచ్చినా అందులో బద్నామీ లేదు. చిల్లాలో ఇలాజ్‌కు బయటికి వెళ్లొద్దని షరీఅత్ ఎక్కడా ఆపలేదు.

దాదీలూ, నానీలూ! రోజులు లెక్కపెట్టడం మీకు ఎవరూ నేర్పక్కర్లేదు. రోజూ పొద్దున జచ్చా నుదుటి మీద చెయ్యి కూడా పెట్టి చూడండి.