విజిల్ లెక్క

"మూడోది వచ్చింది, స్టవ్ కట్టెయ్యి!"

వసారాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ కేకేసేది. వంటింటి సంగతి ఆమెకి చెవులతోనే తెలిసిపోయేది. మన ఇళ్లలో పప్పుకి కొలత నిమిషాలు కాదు, విజిల్స్. విజిల్స్ కాకపోయినా, ఏదో ఒకటి లెక్కపెట్టడం కుక్కర్ పుట్టినప్పటి నుంచీ ఉంది.

దాన్ని తయారుచేసిన డెనిస్ పాపిన్ వంటవాడు కాదు, వైద్యం చదివిన ఫ్రెంచివాడు. పారిస్‌లో హైగెన్స్ దగ్గర, లండన్‌లో రాబర్ట్ బాయిల్ దగ్గర, ఇద్దరు పెద్ద శాస్త్రవేత్తల దగ్గర పనిచేశాడు. పారేసే ఎముకల్ని ఉడికించి మెత్తబరిస్తే పేదవాళ్లకు చవగ్గా బలమైన తిండి దొరుకుతుందని అతని తపన. 1679లో బిగుతైన మూత ఉన్న లోహపు పాత్రను లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి చూపించాడు. పేరు 'డైజెస్టర్'.

మూత లేని గిన్నెలో ఎంత మంట పెట్టినా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతూనే ఉంటాయి, అంతకు మించి వేడెక్కవు. ఆవిరిని బంధిస్తే ఒత్తిడి పెరుగుతుంది, మరిగే వేడి 120 డిగ్రీల దాకా పోతుంది. ముప్పావుగంట పట్టే కందిపప్పు పది నిమిషాల్లో ఉడికేది అందుకే. కానీ బంధించిన ఆవిరికి దారి లేకపోతే పాత్ర పేలిపోతుంది. పాపిన్ మూతకు చిన్న రంధ్రం పెట్టి, దాన్ని మూసేలా ఒక బిరడా, బిరడాను అదిమిపట్టే కడ్డీ, కడ్డీ చివర ఒక బరువు అమర్చాడు. ఒత్తిడి హద్దు దాటితే బరువు లేచి ఆవిరి పోతుంది. మన కుక్కర్ నెత్తిన 'వెయిట్' చేసే పనీ ఇదే. నా దృష్టిలో పాత్ర కన్నా గొప్ప కల్పన ఈ బరువే.

అప్పట్లో విజిల్ లేదు. లోపలి వేడి తెలుసుకోవడానికి పాపిన్ మూత మీద నీటిచుక్క వేసి, అది ఇగిరిపోయేలోపు లోలకం ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టేవాడు. 1682 ఏప్రిల్‌లో సొసైటీ సభ్యులకు ఆ పాత్రలో వండిన విందు పెట్టాడు. గట్టి ఎముకలు కూడా చీజ్‌లా మెత్తబడ్డాయని ఆ విందు తిన్న రచయిత జాన్ ఎవెలిన్ డైరీలో రాసుకున్నాడు. ఇంతటి మనిషికి చివరి రోజులు లేమిలో గడవడం నన్ను బాధపెడుతుంది.

మన దేశంలో ఒకేసారి అన్నం, పప్పు, కూర ఉడికించాలన్న ఆలోచనతో 1910లో బెంగాల్‌కి చెందిన ఇందుమాధవ్ మల్లిక్ బొగ్గు మంట మీద పనిచేసే ఇక్మిక్ కుక్కర్ చేశాడు. అది గిన్నె మీద గిన్నె పేర్చిన ఆవిరి కుక్కర్. ప్రెషర్ కుక్కర్‌లో గిన్నెలు పేర్చే మన అలవాటు దానికి దగ్గరి చుట్టమే. ప్రెషర్ కుక్కర్లు చేసే హాకిన్స్ సంస్థ మొదలైంది 1959లో. ఆ తర్వాత ఊరూరా పెళ్లి సారెలో కుక్కర్ చేరిపోయింది.

విజిల్స్ లెక్క మాత్రం నికరమైనది కాదు. మంట పెద్దదైతే త్వరత్వరగా వస్తాయి, అందుకే ఒక ఇంటి మూడు పక్కింటికి నాలుగవుతాయి. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి నిమిషాలు చూసుకోవడం మేలు.

అమ్మ ఎన్నడూ గడియారం చూడలేదు. కానీ మూత పెట్టేముందు ప్రతిసారీ దాన్ని కిటికీకేసి ఎత్తి, ఆవిరి గొట్టంలోంచి ఒంటికన్నుతో వెలుతురు చూసేది. పప్పు పొట్టు అడ్డుపడి చీకటిగా ఉంటే చీపురుపుల్లతో పొడిచి, ఒకసారి గట్టిగా ఊది, అప్పుడు వెయిట్ పెట్టేది.