శుక్రవారం సాయంత్రం ఏడింటికి

వియన్నాలో స్టూబెన్‌రింగ్ వీధిలో వాణిజ్య మండలి భవనం. 1920 నుంచి 1934 దాకా, అక్టోబరు మొదలుకొని జూన్ వరకూ, ఇంచుమించు రెండు వారాలకొక శుక్రవారం సాయంత్రం ఏడింటికి ఆ భవనంలోని ఒక ఆఫీసు గదిలో ఇరవై, పాతిక మంది చేరేవారు. గది లుడ్విగ్ ఫాన్ మీజెస్‌ది. పగలు అక్కడే కూర్చుని మండలికి ఆర్థిక వ్యవహారాలు చూసే ఉద్యోగం ఆయనది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అప్పటికే డాక్టరేట్ తీసుకున్నవారు. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఒకరు వ్యాసం చదివితే మిగతావారు దాన్ని అడుగడుగునా నిలదీసేవారు. మీజెస్ బల్ల మీద పెద్ద చాక్లెట్ల పెట్టె ఉండేదనీ, మధ్యమధ్య దాన్ని అందరికీ అందించేవారనీ ఆ బృందంలోని గాట్‌ఫ్రీడ్ హాబర్లర్ తర్వాతి కాలంలో గుర్తు చేసుకున్నారు. పదింటికి అందరూ లేచి ‘అంకోరా వెర్డె’ అనే ఇటాలియన్ హోటల్లో భోజనానికి వెళ్లేవారు. పదకొండున్నరకు ఇంకా ఓపిక మిగిలినవాళ్లు విశ్వవిద్యాలయం ఎదురుగా ఉన్న కాఫీ హోటల్లో మళ్లీ వాదన మొదలుపెట్టేవారు. ఆఖరున లేచేవారిలో మీజెస్ ఎప్పుడూ ఉండేవారు. అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు ఇల్లు చేరినా, మర్నాడు తొమ్మిదింటికల్లా మళ్లీ ఆఫీసులో ఉండేవారు.

గుంటూరు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. క్షీణోపాంత ప్రయోజన సూత్రానికి బోర్డు మీద గ్రాఫు గీసి బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు చెప్పాను. దాని వెనకున్న మనుషులు మాత్రం మా పాఠంలో ఒక్క వాక్యంలో సర్దుకునేవారు: ఇంగ్లండులో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్, లాసేన్‌లో వాల్రా. తీరిక దొరికాక ఆ వాక్యం దాటి చదువుతూ పోయాను. నన్ను పట్టి నిలిపింది ఆ సిద్ధాంతం కన్నా అది బతికి బట్టకట్టిన తీరు. మొదటి తరం వెళ్లిపోయాక, మెంగర్‌తో మొదలైన ఆస్ట్రియన్ సంప్రదాయానికి విశ్వవిద్యాలయంలో చోటు తగ్గుతూ పోయింది. దాన్ని నిలబెట్టింది, పగలు ఇంకేదో పని చేసుకుంటూ సాయంత్రాలు దీనికి రాసిచ్చిన మనుషులు.

కార్ల్ మెంగర్ 1840లో గలీషియాలో పుట్టారు, ఆ ఊరు ఇప్పుడు పోలండులో ఉంది. ప్రొఫెసరు కాకముందు పత్రికకు మార్కెట్ వార్తలు రాసేవారు. ధరలు ఎలా ఏర్పడతాయని పుస్తకాలు చెబుతున్నాయో, తలపండిన వ్యాపారులు దేన్ని చూసి ధర కడుతున్నారో, రెంటికీ పొంతన లేదని అక్కడే గమనించారు. 1871లో అర్థశాస్త్ర మూలసూత్రాల మీద ఆయన పుస్తకం వచ్చింది. అప్పటిదాకా వస్తువు మీద పడ్డ శ్రమను బట్టో ఖర్చును బట్టో విలువ వస్తుందని చెప్పేవారు. మెంగర్ దాన్ని తిరగేశారు. విలువ కొనేవాడి అవసరం దగ్గర పుడుతుంది, అక్కడి నుంచి సరుకుకూ, సరుకు నుంచి దాన్ని తయారు చేసిన నేలకూ యంత్రానికీ కూలికీ పాకుతుంది. గుంటూరు మిర్చి యార్డులో ఒక్క సీజను తిరిగినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. ఎకరాకు ఎంత పెట్టుబడి అయిందో రైతు ఎంత మొత్తుకున్నా కొనేవాడు వినిపించుకోడు. మిర్చి ధర లేచిన ఏడాది మాత్రం పై ఏటికి ఊళ్లో కౌలు రేటు ఎవరూ చెప్పకుండానే పెరుగుతుంది.

జర్మనీలో అప్పుడు గుస్టావ్ ష్మొల్లర్ నాయకత్వాన చారిత్రక సంప్రదాయానిదే పైచేయి. అన్ని దేశాలకూ అన్ని కాలాలకూ వర్తించే ఆర్థిక సూత్రాలుంటాయంటే వాళ్లు ఒప్పుకోరు. 1883లో పద్ధతి మీద మెంగర్ రాసిన పుస్తకాన్ని ష్మొల్లర్ దుయ్యబట్టారు, మరుసటేడు మెంగర్ అంతకన్నా ఘాటుగా బదులిచ్చారు. ‘ఆస్ట్రియన్’ అన్న పేరు ఆ గొడవలో జర్మన్లు చులకనగా తగిలించినదే. వాళ్ల దృష్టిలో వియన్నా ఒక మారుమూల. మెంగర్ వెనక వచ్చిన ఓయ్‌గెన్ ఫాన్ బోమ్-బావెర్క్ మూడుసార్లు ఆర్థికమంత్రి అయ్యారు. మంత్రి పదవి వదిలి 1905 నుంచి ఆయన నడిపిన సెమినార్‌లో మీజెస్, షుంపీటర్ కూర్చునేవారు, ఒట్టో బావర్, హిల్ఫర్డింగ్ లాంటి మార్క్సిస్టులూ కూర్చునేవారు. ఎదుటివాడు చెప్పేది పూర్తిగా విని వాదించే ఆ అలవాటునే మీజెస్ తన గదికి తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది.

ఆయనకు ప్రొఫెసరు బిరుదు 1918లో దక్కింది గానీ జీతమిచ్చే పీఠం దక్కలేదు. ఆ పీఠంలో ఉన్న ప్రొఫెసరు వీజర్ విరమించాక ఆ కుర్చీ హాన్స్ మాయర్‌కు వెళ్లింది. మీజెస్ యూదుడు, ఉదారవాది, పైగా మాట మార్చని మొండివాడు. ఆ రోజుల వియన్నాలో ఈ మూడింటిలో ఏ రెండు ఉన్నా కుర్చీ కష్టమే. అందుకే సెమినార్ ఆఫీసు గదికి చేరింది.

ఆ గదిలో డబ్బు గురించి చర్చ ఊసుపోక కబురు కాదు. ఫ్రీడ్రిక్ హాయక్ అనే కుర్రవాడు 1921 అక్టోబరులో మీజెస్ కింద ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరినప్పుడు నెల జీతం 5,000 క్రోనులు. మరుసటి నెల 15,000. 1922 జులైకి 10 లక్షలు. పెరిగింది జీతం కాదు, కరిగింది క్రోను. 1925లో షిల్లింగ్ ప్రవేశపెట్టినప్పుడు ఒక్కో షిల్లింగ్‌కు 10,000 క్రోనులు లెక్క కట్టారు. జీవితమంతా దాచుకున్నది ఒక కోటు కొనడానికి చాలని మనుషుల మధ్య కూర్చుని వీళ్లు ద్రవ్యం గురించి రాశారు. 1920లోనే మీజెస్ ఒక వ్యాసంలో అడిగారు: కర్మాగారాలూ యంత్రాలూ అన్నీ ప్రభుత్వానివే అయినప్పుడు వాటికి అమ్మకం కొనుగోలు ఉండదు, కొనుగోలు లేకపోతే ధర ఉండదు, ధర లేనప్పుడు ఏ పని లాభమో ఏది దండగో ప్రణాళిక వేసేవారు దేంతో లెక్క కడతారు? పంచవర్ష ప్రణాళికలు ఏళ్ల తరబడి పాఠం చెప్పిన నాకు ఈ ప్రశ్న సిలబస్‌లో ఎక్కడా కనపడలేదు. విద్యార్థులకు ఇది వినిపించి, దీనికి ఆస్కార్ లాంగే ఇచ్చిన జవాబూ వినిపించి, మీరే తేల్చండని వదిలిపెట్టే పాఠం ఉండాల్సింది.

మీజెస్ చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. రేషన్ బియ్యంతో నిలబడ్డ కుటుంబాలను కళ్లారా చూశాను. 1927 నాటి పుస్తకంలో, ఫాసిజం ఆ క్షణానికి ఐరోపా నాగరికతను కాపాడిందని ఆయన రాసిన మాట నాకు మింగుడుపడదు. అది తాత్కాలికమేననీ, దాన్నే నమ్ముకుంటే ప్రాణాంతకమనీ ఆ పక్కనే రాసినా సరే. ఆ ఫాసిజమే పదకొండేళ్లకు ఆయన ఇంటి తలుపు బద్దలుకొట్టింది.

బృందంలోని వాళ్లు పొట్టపోసుకున్న విధం చూడండి. ఆల్ఫ్రెడ్ షూట్స్ ఒక బ్యాంకులో పనిచేస్తూ రాత్రిళ్లు తత్వశాస్త్రం రాసుకునేవారు. ఫెలిక్స్ కౌఫ్‌మన్ ఒక చమురు కంపెనీ ఉద్యోగి. ఫ్రిట్జ్ మాఖ్‌లుప్ అట్టల తయారీ వ్యాపారం చూసుకునేవారు. సామాజిక శాస్త్రంలో, తర్కంలో, అంతర్జాతీయ ద్రవ్యంలో వీళ్ల పేర్లు ఇవాళ పాఠ్యాంశాలు.

ఆడవాళ్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి. వియన్నా విశ్వవిద్యాలయంలో న్యాయ, రాజనీతి విభాగం స్త్రీలకు తలుపు తెరిచింది 1919లో. ఆ మరుసటి ఏడాదే రాజనీతి శాస్త్రంలో అక్కడ డాక్టరేట్ పొందిన మొదటి మహిళ హెలెన్ లీజర్, మీజెస్ బృందంలోని మనిషి. ఆర్థిక విధానం మీద పుస్తకం రాసిన మార్తా స్టెఫనీ బ్రౌన్, తర్వాత అమెరికాలో పరిశోధకురాలైన ఇల్సే మింట్స్ కూడా ఆ గదిలో కూర్చున్నవారే. హెలెన్ తల్లి లిల్లీ లీజర్ కళాకారులకు అండగా నిలిచిన సంపన్నురాలు. నాజీలు ఆమెను వియన్నా నుంచి తరలించి 1943లో ఆష్‌విట్జ్‌లో చంపారు. 2024 ఏప్రిల్‌లో గుస్టావ్ క్లిమ్ట్ చిత్రం ‘కుమారి లీజర్’ వియన్నా వేలంలో 3 కోట్ల యూరోలకు పోయింది. ఆ చిత్రంలోని అమ్మాయి ఆ కుటుంబంలో ఎవరన్నది ఇంకా తేలలేదు, వినిపించే పేర్లలో హెలెన్‌ది ఒకటి. ఆ బొమ్మ గురించి వచ్చిన వార్తలను చూశాను. హెలెన్ డాక్టరేట్ సంగతి వాటిలో చాలా తక్కువచోట్ల కనిపించింది.

కౌఫ్‌మన్ పాటలు కూడా కట్టేవారు. వియన్నా జనానికి నోటికొచ్చిన వరుసల్లో, సెమినార్‌లో నడిచిన వాదాలను కూర్చి, భోజనాల దగ్గర అందరిచేతా పాడించేవారు. 1934లో మీజెస్ జెనీవాలో ఉద్యోగం ఒప్పుకుని బయల్దేరినప్పుడు వీడ్కోలు పాట కూడా ఆయనే కట్టారు. ఆ పాటలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. శాస్త్ర చర్చలోని మలుపులను పాటగా పాడుకునేంత చనువు ఒక అధ్యయన బృందంలో ఉండటం నాకు అపురూపంగా తోస్తుంది.

తర్వాత అందరూ చెదిరిపోయారు. హాయక్ 1931లోనే లండన్ చేరారు. మాఖ్‌లుప్, హాబర్లర్, మోర్గెన్‌స్టెర్న్, షూట్స్, కౌఫ్‌మన్ ఒక్కొక్కరే అమెరికా చేరారు. 1938 మార్చిలో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించగానే హాన్స్ మాయర్ తాను నడుపుతున్న ఆర్థికవేత్తల సంఘం నుంచి యూదు సభ్యులను తొలగించారు. గెస్టపో మీజెస్ వియన్నా ఇంటికి వెళ్లి పుస్తకాలూ కాగితాలూ పట్టుకుపోయింది. 1940లో ఆయన భార్య మార్గిట్‌తో కలిసి ఫ్రాన్స్, స్పెయిన్, పోర్చుగల్ మీదుగా న్యూయార్క్ చేరారు. తన కాగితాలు నాశనమయ్యాయనే నమ్మి 1973లో కన్నుమూశారు. అవి నాశనం కాలేదు. బొహీమియాలో ఎర్రసైన్యం చేతికి చిక్కి మాస్కోలో ఒక రహస్య భాండాగారానికి చేరాయి. 1996లో ఆర్థికవేత్త రిచర్డ్ ఎబెలింగ్ భార్యతో అక్కడికి వెళ్లి చూస్తే సుమారు 10,000 పేజీలు ఉన్నాయి.

న్యూయార్క్‌లోనూ కథ అదే. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆయన చివరిదాకా అతిథి ఆచార్యుడే, జీతం విశ్వవిద్యాలయం ఖజానా నుంచి కాక దాతల నిధుల నుంచి వచ్చేది. 1948 నుంచి 1969 వరకూ గురువారం సాయంత్రాల సెమినార్. చేరినవాళ్లలో పట్టా కోసం వచ్చినవాళ్లు కొందరైతే, ఊరికే వినాలని ఏళ్లకేళ్లు వచ్చినవాళ్లు మరికొందరు. వాళ్లలో బెట్టినా బీన్ గ్రీవ్స్ 1951 నుంచి చివరి వరకూ వచ్చి, మీజెస్ చెప్పినది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకున్నారు. ఆయన రచనలన్నిటికీ జాబితా తయారుచేసిందీ ఆవిడే. ఆ నోట్సు లేకపోతే ఆ గురువారాల్లో ఏం నడిచిందో మనకు సగం కూడా అందేది కాదు. శిష్యుల్లో ఏ ప్రొఫెసరుకన్నా నేను ఈమెకు ఎక్కువ రుణపడ్డాననుకుంటాను.

మన దేశానికి ఈ దారి లండన్ మీదుగా వచ్చింది. 1931లో హాయక్ లండన్‌లో ఇచ్చిన ఉపన్యాసాలు విన్న విద్యార్థుల్లో బి.ఆర్. షెనాయ్ ఒకరు. 1955లో రెండో పంచవర్ష ప్రణాళిక మీద ఆర్థికవేత్తల మండలి తన అభిప్రాయం చెప్పినప్పుడు, లోటు బడ్జెట్‌తో అంత పెద్ద ప్రణాళిక మోయలేమని అసమ్మతి పత్రం రాసింది ఆయన ఒక్కరే. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార వ్యవసాయ తీర్మానం చేశాక స్వతంత్ర పార్టీ పుట్టింది, దానికి తొలి అధ్యక్షుడు నిడుబ్రోలు వాసి ఆచార్య రంగా. రంగా గారి పట్టుదల వియన్నా పుస్తకాల నుంచి వచ్చింది కాదు, సొంత చేను వదులుకోలేని రైతు నుంచి వచ్చింది. అయినా ఎవరేం పండించాలో దూరాన కూర్చున్నవాళ్లు ఎలా తేల్చగలరన్న ప్రశ్న దగ్గర వియన్నావాళ్లూ రంగా గారూ ఒకచోటికి వచ్చారు.

1974 జూన్‌లో అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రంలోని సౌత్ రాయల్టన్‌లో ఈ సంప్రదాయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఓ యాభై మంది కలిశారు. అదే ఏడాది అక్టోబరులో హాయక్‌కు నోబెల్ ప్రకటించారు, గున్నార్ మిర్డాల్‌తో కలిపి. 1982లో అలబామాలోని ఆబర్న్‌లో మీజెస్ పేరిట సంస్థ వెలిసింది. పాత పుస్తకాలను ఎవరైనా ఉచితంగా చదువుకునేలా అందుబాటులో పెట్టింది. ఇప్పుడు ఈ సంప్రదాయానికి ఇంటర్నెట్‌లో ఒక విజ్ఞాన సర్వస్వమే ఉంది. రాసేది, దిద్దేది, తేదీలు సరిచూసేది స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్లే. స్టూబెన్‌రింగ్ గదికి వాళ్లు నేరుగా వారసులని నా అభిప్రాయం.

వాళ్లను నాకు అడగాలని ఉంది. మీజెస్, హాయక్‌ల గురించి రాయడానికి మనుషులకు కొదవ లేదు. హెలెన్ లీజర్, మార్తా బ్రౌన్, ఇల్సే మింట్స్ గురించి పొడవుగా రాయండి. రిఖార్డ్ ష్ట్రిగ్ల్ గురించి రాయండి. ఒక తరం వియన్నా ఆర్థికవేత్తలకు పాఠం చెప్పిన ఆయన పగలు కార్మిక శాఖలో ఉద్యోగం చేసుకున్నారు, అందరూ వెళ్లిపోయినా వియన్నాలోనే ఉండిపోయి 1942లో చనిపోయారు. యుద్ధం నడుస్తుండగానే 1944లో హాయక్ ఆయనకు నివాళి రాశారు. ఆ నివాళిని ఆధారం చేసుకుని మొదలుపెట్టవచ్చు.