ముల్లు పాకుతోంది

పీల్చండి. మౌత్‌పీస్ పళ్ల మధ్య బిగించి గట్టిగా పీల్చండి. రెండో చివర, సిలిండర్‌కి తగిలించే చోట, డస్ట్ క్యాప్‌ని బొటనవేలితో అదిమి పట్టుకోండి.

గాలి రావట్లేదు. బుగ్గలు లోపలికి పోతున్నాయి. మంచిదే. సిలిండర్ తగిలించకుండానే ఇందులోంచి గాలి వచ్చిందంటే లోపలి డయాఫ్రమ్ చిరిగి ఉండాలి, లేదా ఊపిరి బయటికి వదిలే పల్చటి రబ్బరు వాల్వు వంగిపోయి ఉండాలి. ఇక్కడ గాలి దూరిన సందులోంచే సముద్రంలో ఉప్పునీళ్లు దూరతాయి.

విశాఖపట్నం, ఋషికొండ దగ్గర ఒక డైవింగ్ షాపు వెనక గది. బల్ల మీద రెండు పాత రెగ్యులేటర్లు. అమ్మే కుర్రాడు వచ్చే నెల కెనడా వెళ్లిపోతున్నాడు. మీకు ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ వచ్చింది. ప్రతిసారీ ఎవరెవరో కొరికిన అద్దె మౌత్‌పీస్ నోట్లో పెట్టుకోవడం విసుగొచ్చింది. బల్లకి అవతల మాస్టారు పాత గుడ్డతో స్పానర్లు తుడుస్తూ మిమ్మల్నే గమనిస్తున్నారు. నేవీలో డైవర్‌గా చేసి రిటైరయ్యారు. ఇక్కడ రెగ్యులేటర్లు విప్పి బాగుచేసేది ఆయనే.

"ఆ క్రోమ్‌ది చూడండన్నయ్యా. ఇప్పుడలాంటివి రావట్లేదు. అయిదు వేలకి ఇచ్చేస్తా."

చేతిలోకి తీసుకుంటే బరువు, మెరుపు. మోజు పుడుతుంది. డస్ట్ క్యాప్ ఊడదీసి, ఫోన్ టార్చి వేసి, గాలి లోపలికి పోయే రంధ్రంలోకి చూడండి. అడుగున చిన్న గుండ్రటి ఫిల్టర్. పచ్చగా ఉంది. చిలుం. అంటే ఎప్పుడో ఉప్పునీళ్లు లోపలికి వెళ్లి అక్కడే ఆరాయి. ఎర్రగా ఉంటే సిలిండర్ లోపలి తుప్పు, నల్లగా ఉంటే కంప్రెసర్ వైపు నుంచి వచ్చిన మసి అనుకోవాలి. అయినా కడిగిస్తే సరిపోదా అని మీకు ఆశ.

"మాస్టారూ, దీనికి సర్వీస్ కిట్ దొరుకుతుందా?"

ఆయన అడ్డంగా తల ఊపుతారు. "కంపెనీ ఆ మోడల్ ఎప్పుడో ఆపేసింది బాబూ. ఓ-రింగులైతే ఎలాగోలా తెస్తాను. సీటు తేలేను."

కింద పెట్టేయండి. విడిభాగాలు దొరకని రెగ్యులేటర్ ఉచితంగా ఇచ్చినా ఖరీదే.

రెండోది చూడ్డానికి ఏమంత లేదు. నల్ల ప్లాస్టిక్, గీతలు. ఆక్టోపస్ (అవసరమైతే పక్కవాడికి అందించే అదనపు మౌత్‌పీస్), ప్రెషర్ గేజ్ కలిపి పద్నాలుగు వేలంటున్నాడు. ఈ మోడల్‌కి కిట్లు వస్తున్నాయి, మాస్టారి సొరుగులో ఒకటి ఉంది కూడా. ఫిల్టర్ శుభ్రంగా ఉంది. హోస్ చివర్ల మీది రబ్బరు తొడుగుల్ని వెనక్కి జరపండి. పగుళ్లు దాక్కునేది అక్కడే. ఒక హోస్ వంచగానే బీటలు నోరు తెరుస్తున్నాయి. దాన్ని మార్చాల్సిందే, మనసులో మూడు వేలు రాసుకోండి. మౌత్‌పీస్ చిరిగిందని మాత్రం బెంగ వద్దు, అది చిల్లర ఖర్చు.

సిలిండర్‌కి బిగించండి. గేజ్ అద్దాన్ని మొహానికి దూరంగా తిప్పి, వాల్వు మెల్లగా తెరవండి. హోస్‌లు బిగుసుకుంటాయి. 200 బార్. గేజ్ చూస్తూ నాలుగు పెద్ద ఊపిర్లు పీల్చండి. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగితే ఎక్కడో దారి మూసుకుపోయినట్టు. ఊగట్లేదు. ఊపిరి హాయిగా వస్తోంది. చెయ్యి అప్పుడే జేబు వైపు పోతోంది.

"ఆగండి," అంటారు మాస్టారు. జాకెట్‌లోకి గాలి పంపే హోస్ చివర ఒక బుల్లి గేజ్ తగిలిస్తారు. 9.5 బార్. సెకండ్ స్టేజ్ బటన్ నొక్కి వదులుతారు. ముల్లు కిందికి పడి, లేచి, 9.5 దగ్గరికి వస్తుంది.

అక్కడ ఆగాలి. ఆగట్లేదు. 9.7. 9.9. 10.

ఏమిటీ అంకె? సిలిండర్‌లోని 200 బార్‌ని నేరుగా నోటికి అందించలేం. ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది, పది బార్లు ఎక్కువ ఉండేలా దించుతుంది. నోట్లో ఉన్న సెకండ్ స్టేజ్ మిగతాది దించి, మీరు పీల్చినప్పుడే వదులుతుంది. పీల్చడం ఆపగానే ఫస్ట్ స్టేజ్ లోపల సీటు అనే చిన్న ముక్క దారి మూసెయ్యాలి. కుళాయి వాషర్ అరిగితే కట్టినా చుక్కలు పడతాయి చూడండి, సీటు అరిగినా అంతే. కాకపోతే ఇక్కడ కారేది గాలి, పేరుకునేది హోస్‌లో ఒత్తిడి.

"ఆ మాత్రం పాకితే ఏం కాదన్నయ్యా. పోయిన నెల దీంతోనే దిగాను. రేపు బోటు ఉందిగా, దిగి చూడండి. నచ్చితేనే డబ్బులివ్వండి."

మాస్టారు మాట్లాడట్లేదు. సర్వీసంటే వారం. బోటు రేపు పొద్దున్న ఆరింటికి. సరే అన్నారనుకుందాం.

పదహారు మీటర్లు. ఆకుపచ్చ నీళ్లు. ఇది అండమాన్ కాదు, నాలుగైదు మీటర్ల అవతల మీ బడ్డీ, అంటే జతగా దిగిన డైవర్, ఫిన్స్ మసక మసకగా కదులుతున్నాయి. రాతి సందులో ఒక చేప మిమ్మల్ని చూసి వెనక్కి జరిగింది. పీలుస్తారు. వదులుతారు. రెండింటి మధ్య, పెదవి మూల, సన్నగా చిరచిర.

బుడగలు. మీరు వదలనివి.

చప్పుడు నోటి దగ్గర కాబట్టి తప్పు కూడా అక్కడే అనిపిస్తుంది. తప్పు తల వెనక ఉంది. హోస్‌లో ఒత్తిడి హద్దు దాటితే సెకండ్ స్టేజ్ వాల్వు దానంతటదే తెరుచుకుంటుంది. హోస్ పగలకుండా దాన్ని అలాగే తయారుచేశారు. మౌత్‌పీస్‌ని చేత్తో తడతారు. తగ్గదు. పైకి వెళ్లాలా, ఇంకాసేపు చూడాలా? గేజ్ 120 చూపిస్తోంది. ఇంకాసేపు చూద్దామనుకుంటారు.

అరిగిన సీటు అప్పుడే పూర్తిగా వదిలేస్తుంది.

హోరు. నోట్లోకి గాలి దూసుకొస్తోంది. బుగ్గలు ఉబ్బుతున్నాయి. మాస్క్ కదులుతోంది. ఎదురుగా తెల్లటి నురగ. ఏమీ కనిపించదు.

ఉమ్మెయ్యకండి. పెదవి సడలించండి. తల పక్కకి వంచండి. ఎక్కువైన గాలిని పోనివ్వండి. కావలసినంతే జుర్రుకోండి.

105.

బడ్డీ ఎక్కడ?

90. అదిగో, ఫిన్స్. కాలు కొట్టండి. ఇంకోసారి. భుజం దొరికింది. గొంతు మీద అరచెయ్యి అడ్డంగా. గాలి లేదు.

70.

పసుపు ఆక్టోపస్. అందుకోండి. మీది వదిలెయ్యండి. దీన్ని నోట్లో పెట్టండి. బటన్ నొక్కండి. నీళ్లు పోయాయి.

పీల్చండి.

వచ్చింది.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని పైకి. ఊపిరి బిగపట్టకండి. పదహారు మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల్లో ఉన్నది 2.6 బార్ల గాలి, పైకి పోయేకొద్దీ వ్యాకోచిస్తుంది. నిమిషానికి తొమ్మిది మీటర్లకి మించి వేగం వద్దు. వెలుగు. అల. పైకి తేలాక జాకెట్ బటన్ నొక్కితే ఏమీ రాదు, మీ సిలిండర్ ఖాళీ. నోటితో ఊది నింపుకోవాలి.

ఇక గదిలోకి రండి. బుల్లి గేజ్‌లో ముల్లు 10.6 దాటింది. బోటు ఇంకా రేపటిదే.

లెక్క వేయండి. పద్నాలుగు వేలు. కిట్లూ పనీ కలిపి ఎనిమిది వేలవుతుందని మాస్టారు చెప్పారు. హోస్ మూడు. ఇరవై అయిదు వేలు. అద్దాల బీరువాలో కొత్త స్కూబాప్రో ఎమ్‌కే2 రెగ్యులేటర్ ఉంది, ఆక్టోపస్, గేజ్ కలిపితే నలభై వేలకి దగ్గరవుతుంది. అది అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్. ఆ మాట వినగానే మొహం చిట్లించేవాళ్లు డైవింగ్ బోట్ల మీద చాలామంది కనిపిస్తారు. ఏమవుతుందో అడగండి. సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఆ బుల్లి గేజ్‌లో కనిపించే ఒత్తిడి కూడా తగ్గుతుంది, లోతులో ఉంటే చివర్లో ఊపిరి కాస్త బరువుగా తీసుకోవాలి. కానీ 50 బార్ మిగిలి ఉండగానే పైకి రావడం మీకు నేర్పిన నియమం. లోపల కదిలే భాగాలు తక్కువ, సర్వీసు తేలిక, దశాబ్దాలుగా వస్తున్న మోడల్. చల్లటి నీళ్లలో గడ్డకట్టకుండా సీలు చేసిన ఖరీదైన వాటికి డబ్బు పోయడం మన తీరంలో దండగ. పది డిగ్రీల కంటే చల్లటి నీళ్లు బంగాళాఖాతంలో మీరు దిగే లోతుల్లో ఎదురుకావు. పదిహేను వేలు ఎక్కువైనా పర్వాలేదనుకుంటే కళ్లు మూసుకుని ఆ కొత్తది తీసుకోవచ్చు.

మీకు పర్వా ఉంది. కుర్రాడి వైపు తిరగండి.

"తమ్ముడూ, ముల్లు నువ్వూ చూశావు. కిట్లు, హోసు ఖర్చు నాది. సర్వీసయ్యాక ముల్లు నిలబడితే నీకు తొమ్మిది వేలు. నిలబడకపోతే ఎవరి దారి వాళ్లది."

అతను ఫోన్ చూసుకుంటాడు, తల గోక్కుంటాడు, పది అంటాడు, మీరు ఊరుకుంటారు. చివరికి సరే. రేపటి బోటుకి అద్దె రెగ్యులేటర్ మాట్లాడుకోండి.

వారం తర్వాత అదే బల్ల. మాస్టారు తీసేసిన పాత సీటుని మీ అరచేతిలో పెడతారు. చిటికెన వేలి గోరుకంటే చిన్నది. దాని మొహం మీద, లోహపు అంచు రోజూ అదిమిన చోట, గుండ్రటి గాడి. గోటితో రాస్తే తగులుతుంది. ఒకవైపు లోతు ఎక్కువ.

కొత్త సీటుతో ముల్లు 9.5 దగ్గర నిలబడింది. పది నిమిషాలు చూడాలంటారు మాస్టారు. ఆలోపు కబుర్లు. 1943లో ఫ్రాన్స్‌లో కుస్తో అనే డైవర్‌కి ఈ యంత్రం చేసిపెట్టిన గన్యాన్ అనే ఇంజనీర్, యుద్ధంలో పెట్రోలు దొరక్క కార్లని గ్యాస్‌తో నడపడానికి తయారుచేసిన వాల్వునే మార్చాడట. మీరు వింటూనే ముల్లు వైపు చూస్తున్నారు. 9.6. అక్కడే ఆగింది. కొత్త సీటు కుదురుకునేటప్పుడు ఆ మాత్రం మామూలే, ఆగడం ముఖ్యం.

"ఇప్పుడు ఆ పసుపుది పీల్చండి. కొనేవాళ్లంతా దీన్ని మర్చిపోతారు."

బిగువుగా ఉంది. ఆక్టోపస్ ఊరికే గాలి వదలకుండా కాస్త బిగువుగా పెట్టడం మామూలే, కానీ కంగారులో ఉన్నవాడికి ఇంత పనికిరాదు. మాస్టారు సన్నటి పనిముట్టు దూర్చి, పావు వంతు తిప్పి మళ్లీ అందిస్తారు. పీల్చండి. ఇంకొంచెం, అంటారు మీరు. ఆయన మళ్లీ తిప్పి, సీరియల్ నంబరు, తేదీ, 9.6 అన్నీ సర్వీస్ చీటీ మీద రాసి సంతకం పెడతారు. చీటీ మీ పేరు మీద తీసుకోండి. కుర్రాడు అయిదొందల నోట్లు లెక్కపెట్టుకుంటున్నాడు.