నడిబజారులో తుపాకీ

మన దేశంలో మామూలు మనిషి తుపాకీ భుజాన వేసుకుని బజారులో నడవలేకపోవడం తెల్లదొరలు పెట్టిపోయిన బానిస చట్టం ఫలితమేనని కొందరు వాదిస్తారు. అందులో సగమే నిజం. 1857 తిరుగుబాటుతో బెదిరిన ప్రభుత్వం జనం చేతిలోని ఆయుధాలను లాక్కోవడం మొదలుపెట్టింది. 1878లో వైస్రాయ్ లిట్టన్ తెచ్చిన ఆయుధాల చట్టంతో లైసెన్సు లేకుండా తుపాకీ పట్టుకు తిరగడం నేరమైంది. యూరోపియన్లకు మాత్రం మినహాయింపు దొరికింది. అదే ఏడాది లిట్టన్ తెచ్చిన దేశభాషా పత్రికల చట్టాన్ని తర్వాత వైస్రాయ్‌గా వచ్చిన రిప్పన్ రద్దు చేశాడు గానీ ఆయుధాల చట్టాన్ని ముట్టుకోలేదు. 1887లో మద్రాసులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఈ చట్టాన్ని సవరించమని కోరింది. జాతిని నిరాయుధం చేయడాన్ని గాంధీజీ సైతం తీవ్రంగా తప్పుపట్టాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా పడ్డాడంటే, ఆయుధం ఎవరి గుప్పిట్లో ఉండేదో తెలుస్తుంది.

కానీ ఆ చట్టంలోని అసలు అన్యాయం ఆంక్షలో లేదు, పక్షపాతంలో ఉంది. ఆంక్ష లేకపోతే జనానికి మేలు జరిగేదా? తుపాకీ కొనగలిగినవాడు పల్లెలో మొదట ఎప్పుడూ దొరే. నిజాం రాజ్యంలో విసునూరు దేశ్‌ముఖ్ లాంటివాళ్లు గూండాలను పోషించి, వాళ్లను ఊళ్ల మీదికి తోలారు. 1946 జులై 4న కడవెండిలో రైతుల సంఘం ఊరేగింపు దొర గడి దగ్గరికి వచ్చేసరికి లోపలి నుంచి తుపాకులు పేలాయి, దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. రైతుల చేతిలో ఉన్నవి కర్రలు, వడిసెలలు. అందుకే రైతుకూ తుపాకీ ఉండాల్సిందని, తర్వాత సాయుధ పోరాటంలో ఆ రైతే పట్టాడు కదా అని ఎవరైనా అనవచ్చు. పట్టాడు, న్యాయంగానే పట్టాడు. అయితే అది యుద్ధం. యుద్ధంలో అవసరమైనదాన్ని రోజూ నడిచే సంతలోకి, పంచాయతీ అరుగు మీదికి తెస్తే అక్కడ మాట చెల్లదు. ఎదుటివాడి నడుముకు తుపాకీ వేలాడుతుంటే కూలి పెంచమని అడిగేవాడి గొంతు పెగలదు. పేలని తుపాకీ కూడా ఆ పని చేస్తుంది.

కాంగ్రెస్ 1931లో కరాచీలో ప్రకటించిన ప్రాథమిక హక్కుల్లో ఆయుధం ధరించే హక్కు ఉందన్నది ఇంకో అభ్యంతరం. ఉంది, నియమ నిబంధనలకు లోబడి అన్న షరతుతో. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఈ హక్కును రాజ్యాంగంలో చేర్చాలని పట్టుబట్టారు. విచక్షణ లేకుండా అందరికీ ఇవ్వడం కుదరదని అంబేద్కర్ కాదన్నారు, సభ తోసిపుచ్చింది. 19వ అధికరణం చివరికి హామీ ఇచ్చింది శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా సమావేశమయ్యే హక్కుకు. ఊరి పెత్తనం ఎలా ఉంటుందో అంబేద్కర్‌కు తెలిసినంతగా ఆ సభలో ఇంకెవరికి తెలుసు? ఈ ఆంక్షను వలస పాలన అలవాటు అనడం ఆయన ఆలోచనను తక్కువ చేయడమే.

కర్ణాటకలోని కొడగు ఉదాహరణ ఒక్కటే నన్ను గట్టిగా ఆలోచింపజేస్తుంది. అక్కడి కొడవ జాతివారికి బ్రిటిష్ కాలం నుంచీ లైసెన్సు మినహాయింపు ఉంది. కైల్‌పోద్ పండుగనాడు తుపాకులకు పూజ చేస్తారు. ఆ మినహాయింపును 2029 దాకా పొడిగించడాన్ని కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. అక్కడ తుపాకీని ఆచారం అదుపులో ఉంచుతోందని ఒప్పుకుంటాను. అయినా పుట్టుకను బట్టి వచ్చే హక్కు దేశమంతటికీ నమూనా కాలేదు.

1959 నాటి ఆయుధాల చట్టం జాతిభేదం తీసేసి లైసెన్సును ఉంచింది. 2016 నిబంధనలు లైసెన్సు ఉన్నవాడు కూడా బహిరంగ స్థలంలో తుపాకీ ఝళిపించకూడదన్నాయి. 2019 సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చేలా వేడుకల్లో కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి. కాబట్టి పెళ్లి బరాత్‌లో ఎవరైనా తుపాకీ పైకెత్తితే ఈలలు వేయకండి, వీడియో తీసి మురిసిపోకండి. పిల్లల్ని పక్కకు తప్పించి పోలీసులకు ఫోన్ చేయండి.