ఉప్పు డబ్బా వెనుక ఒక తెలుగువాడు

మన చిన్నతనంలో వంటింట ఉప్పంటే రాళ్ళ ఉప్పే. ఈనాడు మలక్‌పేటలో కిరాణా కొట్టుకు వెళ్ళి ఉప్పు అడిగితే అయోడిన్ ఉప్పు ప్యాకెట్టే చేతికిస్తారు. ఈ మార్పులో శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారి పాత్ర ఎంతో ఉంది.

థైరాయిడ్ గ్రంథికి అయోడిన్ చాలకుంటే గళగండం వస్తుంది. గర్భిణికి చాలకుంటే బిడ్డ బుద్ధివికాసమే కుంటుపడుతుంది. 1956 నుండి కాంగ్రా లోయలో ఆయన బృందం రెండు ప్రాంతాలకు పొటాషియం అయోడైడ్, పొటాషియం అయోడేట్ కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును అందించి చూసింది. అయోడిన్ అందినచోట గళగండం బాగా తగ్గింది. ఆ ఊతంతో 1962లో జాతీయ పథకం మొదలైంది.

బి.పి. ఉన్నవారు ఉప్పు తగ్గించవలసిందే. వాడే ఆ కాస్తా అయోడిన్ ఉప్పైతే మేలు. ఆరోగ్యమని మళ్ళీ రాళ్ళ ఉప్పుకు మళ్ళుతున్న మన కోడళ్ళకు, కూతుళ్ళకు ఈ సంగతి చెప్పండి.