పొయ్యి ఎక్కని పాకం

సౌదీ అరేబియాలోని అభాలో నేను సరుకులు తెచ్చుకునే దుకాణంలో ఖర్జూర పాకం, అంజీర్ జామ్ ఒకే అరలో ఉంటాయి. రొట్టెకి రాసుకునేవే అయినా వాటిని ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. వాటి పుట్టుకే వేరు.

ఇక్కడివాళ్లు దిబ్స్ అనే ఆ ఖర్జూర పాకానికి పూర్వం పొయ్యి అక్కర్లేదు. గల్ఫ్ తీరంలో దాని కోసం ప్రత్యేకంగా గదులు కట్టేవారు. నేలంతా సన్నటి కాలువలు, అవన్నీ చేరేది ఒక మూలనున్న గుంతకి. ఆ నేల మీద ఖర్జూరం బస్తాలు ఒకదాని మీద ఒకటి పేర్చేవారు. పై బస్తాల బరువుకి, గదిలోని ఉక్కకి కింది పండ్లు రసం వదిలేవి. నల్లటి పాకం కాలువల వెంట ఆ గుంతలోని కుండలోకి దిగేది. బహ్రెయిన్ కోట తవ్వకాల్లోనూ, ఖతార్‌లోని జుబారా పాత పట్టణంలోనూ ఇలాంటి గదులు బయటపడ్డాయి.

అభా ఉన్నది 2,200 మీటర్ల ఎత్తులో. ఖర్జూరానికి కావలసిన వేడి ఈ కొండ మీద ఉండదు, దానికి పేరున్నది దిగువనున్న బీషా. ఇక్కడ పండేవి అంజీర్, దానిమ్మ, ద్రాక్ష, వేసవిలో రోడ్ల పక్కన అమ్మే నాగజెముడు పండ్లు. మా విజయనగరం వైపు భీమాళిలో మామిడి రసాన్ని పొర మీద పొర ఆరబెట్టి తాండ్ర చేస్తారు. అభాలో దానికీ వీల్లేదు. వేసవి మధ్యాహ్నాల్లో మబ్బు కమ్మి వాన పడుతుంది.

ఇక మిగిలింది నిప్పే, అదీ పాత పద్ధతే. పదో శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ కూర్చిన వంటల గ్రంథంలోనే పండ్లను తేనెలో, పంచదారలో నిలవ చేసే పద్ధతులున్నాయి. గుజ్జుతో వండితే జామ్, వడకట్టిన రసంతో అయితే జెల్లీ, నారింజ తొక్కలు కలిస్తే మార్మలేడ్. మూడూ గడ్డకట్టేది పండులోని పెక్టిన్ వల్ల. దానికి ఆ పేరు పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త బ్రకోనో, 1825లో.

అంజీర్‌లో పులుపు తక్కువ, నిమ్మరసం పిండకపోతే పెక్టిన్ పట్టదు. పుస్తకాలు 105 డిగ్రీల దాకా కాచమంటాయి. ఈ ఎత్తులో నీళ్లే 93 దగ్గర మరిగిపోతాయి కాబట్టి 97, 98కే జామ్ దించాలి. 105 దాకా ఆగితే ముదురుపాకమై చెంచా దిగదు. నేను చల్లటి పళ్లెం మీద ఒక చుక్క వేసి వేలితో తోస్తాను. ముడత పడితే వెంటనే పొయ్యి కట్టేస్తాను.